మీ పనేమిటని అడగని పరీక్షకు డబ్బు పెట్టకండి

బెంగళూరు కాటన్‌పేట మెయిన్ రోడ్డులో షట్టర్లు లేచే వేళకే గాలి బరువెక్కుతుంది. బేళ్లు విప్పితే కొత్త బట్ట వాసన, పక్క సందులోంచి అగరబత్తుల సెంటు, అట్టపెట్టెల జిగురు, వీటన్నిటి మీదా ఆటోల పొగ. హిందూపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఈ పేటల్లో గుమాస్తాలుగా, ప్యాకర్లుగా, లోడింగ్ కూలీలుగా బతుకుతున్న మనవాళ్లకు కొదవ లేదు. వాళ్లలో చాలామంది నోట వినిపించే మాట ఒకటుంది: "నాకేదో పడట్లేదు." ఒకరికి చేతుల మీద దద్దుర్లు, ఒకరికి రాత్రిపూట దగ్గు, ఒకరికి మధ్యాహ్నానికల్లా తలనొప్పి, ఇంకొకరికి టిఫిన్ తిన్న గంటకే కడుపుబ్బరం. ఏది పడట్లేదో మాత్రం తేలదు. తేలకపోయేసరికి పరీక్షల వేట మొదలవుతుంది. ఆ వేటలో నెల జీతం ఆవిరైపోకుండా, ఉన్న ఉద్యోగం ఊడకుండా అసలు కారణాన్ని పట్టుకోవడం ఎలాగో చూద్దాం.

1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ వృత్తి రోగాల మీద పుస్తకం రాశాడు. రోగిని వైద్యుడు అడగాల్సిన ప్రశ్నలకు ఆయన ఇంకొకటి చేర్చాడు: నువ్వు చేసే పనేమిటి? ఆ ప్రశ్న విలువ తెలియాలంటే దూది దుమ్ము సంగతి చూడాలి. కాటన్‌పేట పక్కన ఒకప్పుడు నడిచిన బిన్నీ మిల్లు 1884లో మొదలైంది. అలాంటి పత్తి మిల్లుల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లకు బిసినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దాని తొలి గుర్తు రక్తంలో కనిపించదు, వారంలో కనిపిస్తుంది. ఆదివారం సెలవు గడిపి సోమవారం పనిలోకి దిగిన పూట ఛాతీ బిగుసుకుపోతుంది. మంగళ, బుధవారాలకు కాస్త తేలికపడుతుంది. మళ్లీ వచ్చే సోమవారం మామూలే. పని వేళలు అడగనిదే ఈ జబ్బు తొలిదశలో చిక్కదు. మీ బాధ ఏదైనా సరే, ఎవరు ఏ పరీక్ష చేస్తామన్నా, వాళ్లు మీ పని గురించి ఎంతసేపు అడిగారన్నది చూడండి. అదే మొదటి కొలత.

బజారులో దొరికే పరీక్షలు

ఉచిత ఆరోగ్య శిబిరాల్లో ఒక చిన్న పెట్టె, దానికి తగిలించిన ఇనుప కడ్డీ, పక్కన ల్యాప్‌టాప్ కనిపిస్తాయి. కడ్డీని గుప్పిట్లో నిమిషం పాటు పట్టుకోమంటారు. పేరు, వయసు, ఎత్తు, బరువు కొట్టి మీట నొక్కగానే కాలేయం నుంచి ఎముకల దాకా పేజీలకు పేజీలు రిపోర్టు దిగుతుంది. అందులో 'ఎలర్జీ సూచిక' అని ఒక పేజీ ఉంటుంది. పక్కనే డబ్బాల్లో పొడులు, చుక్కల మందులు సిద్ధం. మీరు అట్టపెట్టెలు అంటిస్తారా, పూలు కడతారా, లెక్కలు రాస్తారా అని ఎవరూ అడగరు. గుప్పిట్లోని తడిని బట్టి మారే విద్యుత్తు తప్ప ఆ కడ్డీ చదివేదేమీ లేదు.

దీని అన్నలాంటిది ఎలక్ట్రోడెర్మల్ పరీక్ష, అంటే వేగా యంత్రం. దాన్ని నిజంగానే పరీక్షకు పెట్టారు. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో 30 మందిని తీసుకున్నారు. సగం మందికి పిల్లి పొట్టో ఇంటి దుమ్ములోని పురుగో పడదని ముందే తేలింది, సగం మందికి ఏ ఎలర్జీ లేదు. ఎవరు ఎవరో చెప్పకుండా యంత్రం ముందు కూర్చోబెడితే రెండు గుంపులనూ అది వేరు చేయలేకపోయింది. అంతకుముందు 1987లో లాన్సెట్ పత్రికలో వచ్చిన పరిశీలన ఇంకా సూటిగా ఉంటుంది. చేప పడనివాళ్ల రక్తం, వెంట్రుకలు ఐదు వాణిజ్య సంస్థలకు పంపితే ఒక్కటీ చేప ఎలర్జీని పట్టలేదు. పైగా ఏ బాధా లేనివాళ్లకు బోలెడు ఎలర్జీలు అంటగట్టాయి. ఒకే మనిషి నమూనాను రెండుసార్లు పంపితే రెండు రకాల ఫలితాలు ఇచ్చాయి.

చేయి చాపించి, రెండో చేతిలో గోధుమల సీసా పెట్టి, కండరం బలం తగ్గిందని చెప్పే పరీక్ష ఒకటి. నాడి వేగాన్ని బట్టి పడని తిండిని తేల్చే పద్ధతి మరొకటి. మొదటిది 1960ల్లో, రెండోది 1950ల్లో అమెరికాలో పుట్టాయి. వీటి తీరూ అంతే.

అన్నిటికంటే ఖరీదైనదీ, నమ్మబుద్ధేసేదీ ఐజీజీ ప్యానెల్. నిజమైన ల్యాబు, నిజమైన రక్తం, రంగురంగుల పట్టిక. వంద, రెండొందల రకాల తిండి పేర్లు, ఎరుపు పచ్చ గీతలు. చిక్కంతా అది కొలిచే దానిలోనే ఉంది. ఐజీజీ అనే యాంటీబాడీ మనం తిన్న తిండికి శరీరం వేసుకునే గుర్తు. రోజూ తినే బియ్యం, కందిపప్పు, పెరుగు ఎరుపులో వచ్చాయంటే మీరు వాటిని రోజూ తింటున్నారని అర్థం, అవి పడవని కాదు. యూరప్ ఎలర్జీ వైద్యుల సంఘం 2008లోనే ఈ పరీక్షను తిండి పడకపోవడానికి వాడొద్దని స్పష్టంగా చెప్పింది. ఈ పట్టిక పట్టుకుని పాలు, పెరుగు, పప్పు, గోధుమ అన్నీ మానేసినవాళ్లు నాలుగు రోజులు తేలికపడ్డామనుకుంటారు, నెల తిరిగేసరికి నీరసపడతారు. బేళ్లు మోసే ఒంటికి అది ఎలర్జీ కంటే పెద్ద దెబ్బ.

సరైన పరీక్ష కూడా ఒంటరిగా చాలదు

అసలైన ఎలర్జీ పరీక్షలంటే చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చే ప్రిక్ టెస్ట్, రక్తంలో ఐజీఈ పరీక్ష. వీటికి శాస్త్రం ఉంది. అయినా వీటినీ గుడ్డిగా చదవకూడదని మన దగ్గరి లెక్కే చెబుతుంది. బెంగళూరు, మైసూరు ప్రాంతాల పెద్దవాళ్ల మీద జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో రక్తపరీక్షలో ఏదో ఒక తిండికి పాజిటివ్ వచ్చినవాళ్లు 26.5 శాతం. పరీక్షతో పాటు ఆ తిండి తిన్నప్పుడు బాధ కూడా ఉండి ఎలర్జీ అనదగ్గవాళ్లు 1.2 శాతం. అంటే నలుగురిలో ఒకరి రక్తం పాజిటివ్ అంటుంది గానీ, నిజంగా తిండి ఎలర్జీ ఉన్నవాళ్లు వందకు ఒకరు. కాబట్టి బాధ తీరు వినకుండా ముందే ప్యాకేజీ రాసిచ్చే చోట తప్పుడు పాజిటివ్ చేతికొచ్చే అవకాశమే ఎక్కువ.

పది రూపాయల నోటుబుక్కు

వీటన్నిటికీ ప్రత్యామ్నాయం మీ చేతిలోనే ఉంది. ఒక చిన్న నోటుబుక్కు కొని నాలుగు వారాలు రాయండి. డాక్టరు దగ్గరకు ఖాళీ చేతులతో వెళ్లడానికీ, ఈ పుస్తకంతో వెళ్లడానికీ ఎంతో తేడా. ఒక రోజు రాత ఇలా ఉంటే చాలు:

సోమవారం. 9:30 షాపు. 11 గంటలకు కొత్త షర్టింగ్ బేళ్లు ఆరు విప్పాం. 12కు కళ్లు మంట, తుమ్ములు. భోజనం ఇంటి క్యారియర్, అన్నం, టమాటా పప్పు, మజ్జిగ. 4కు టీ, బన్. రాత్రి 11కు దగ్గు, అరగంట. మాత్ర వేసుకోలేదు.

సెలవు రోజు కూడా తప్పకుండా రాయాలి. ఊరికి వెళ్లి నాలుగు రోజులుంటే ఆ నాలుగు రోజుల రాత బంగారం. పుస్తకం నిండాక మూడు ప్రశ్నలు వేసుకోండి. సెలవులో తగ్గుతోందా? పనిలోకి దిగిన ఎంతసేపటికి వస్తోంది? నా ఒక్కడికేనా, పక్కవాళ్లకూనా?

మూడో ప్రశ్నను ఎవరూ పట్టించుకోరు గానీ దానికే బరువెక్కువ. ఒకే గదిలో ఐదుగురు పనిచేస్తే నలుగురికి కళ్లు మండుతున్నాయనుకోండి, అది ఎలర్జీ కాకపోవచ్చు. గాలిలో ఘాటు ఎక్కువై ఎవరినైనా మండించే రకం. దానికి మందు కిటికీ, ఫ్యాను, మూత పెట్టిన డబ్బా. నలుగురికీ ఏమీ లేక మీ ఒక్కరికే, అదీ కొంచెం తగిలినా వస్తోందంటే ఎలర్జీ అనుమానించాలి. మొదటిదానికి యజమానితో మాట్లాడాలి, రెండోదానికి ముందు డాక్టరుతో.

రాత్రి వచ్చే దగ్గును 'ఇంట్లో వస్తోంది కదా, పనిది కాదు' అని కొట్టిపారేయకండి. పనిచోట పీల్చినదానికి నాలుగు నుంచి ఎనిమిది గంటల తరవాత ఛాతీ పట్టేయడం మామూలే.

చర్మానికైతే ప్యాచ్ టెస్ట్

అగరబత్తులకు సెంటు పట్టించేవాళ్లు, బట్టల ఫినిషింగ్, అద్దకం పనివాళ్లు, జిగురుతో అంటించేవాళ్లు, వంటవాళ్లు, సిమెంటు కలిపే మేస్త్రీలు: వీళ్ల చేతుల మీద వచ్చే దురద, పగుళ్లకు ప్రిక్ టెస్టు కాదు, ప్యాచ్ టెస్ట్ కావాలి. అనుమానమున్న పదార్థాలను తగిన పాళ్లలో కలిపి చిన్న బిళ్లల్లో వీపు మీద అంటిస్తారు. 48 గంటలకు తీసి చూస్తారు, మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, చెమట పట్టే బరువు పని చేయకూడదు. కాబట్టి సెలవు ముందే అడిగి పెట్టుకోండి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి, అవి ఫలితాన్ని కప్పేస్తాయి.

మన దేశానికి తగ్గ ప్యాచ్ టెస్ట్ వరస ఉంది. అందులో సెంటు మిశ్రమం, నికెల్, సిమెంటులోని క్రోమేటు, జుట్టు రంగులోని పీపీడీలతో పాటు వయ్యారిభామ కూడా ఉంటుంది. ఇది తెలుసుకోవాల్సిన సంగతి. ముఖం, మెడ, మోచేతి మడతలు మండుతుంటే షాపులో బట్టను తప్పుపడతాం. నిజానికి రైలు పట్టాల పక్కనా, ఖాళీ స్థలాల్లోనూ పెరిగే వయ్యారిభామ పొడి గాలిలో వచ్చి చేసే పని అది కావచ్చు. నుదుటి మీద బొట్టు చోటే దురద పెడుతుంటే స్టిక్కరు జిగురును అనుమానించాలి. వంటవాళ్లకు ఎడమ చేతి బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్ల కొసలే పగులుతుంటే వెల్లుల్లిని చూడాలి. ఎక్కడ వచ్చిందన్నదే సగం రోగ నిర్ణయం.

పరీక్షకు వెళ్లేటప్పుడు మీరు వాడే డబ్బాల లేబుళ్లు ఫోనులో ఫొటో తీసుకెళ్లండి. పచ్చి సెంటునో జిగురునో మీరే చేతికి పూసుకుని పరీక్షించుకోకండి. నీళ్లలోనో నూనెలోనో పలచన చేయని రసాయనం ఎవరి చర్మాన్నైనా కాల్చవచ్చు. అప్పుడు అది ఎలర్జీయో కాలిన గాయమో డాక్టరుకూ తెలియదు.

ఆయాసానికైతే ఊదే గొట్టం

పిల్లికూతలు, ఛాతీ బిగువు ఉన్నవాళ్లకు పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టం మందుల షాపులో దొరుకుతుంది. నిలబడి నిండా గాలి పీల్చి ఒక్క ఊపున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. రోజుకు కనీసం నాలుగుసార్లు, నాలుగు వారాలు, సెలవు రోజులతో కలిపి. పని రోజుల్లో అంకె పడిపోయి సెలవుల్లో లేస్తుంటే వృత్తి ఉబ్బసం అనుమానం బలపడుతుంది. ఈ పట్టిక చూసిన ఛాతీ డాక్టరు తరవాత స్పైరోమెట్రీ చేయిస్తారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ముందు ఉద్యోగం మానేసి తరవాత డాక్టరు దగ్గరకు వెళ్లడం. పని మానేశాక ఈ తేడా కొలవడానికి వీల్లేదు, రుజువు పోతుంది. ఆయాసం మరీ ఎక్కువగా లేకపోతే, డాక్టరు సరేనంటే, పనిలో ఉండగానే పట్టిక పూర్తిచేయండి. అలాగని వృత్తి ఉబ్బసమని తేలాక దానికి కారణమైన పొడి మధ్యే ఏళ్లు గడపకూడదు. ఎంత త్వరగా దూరమైతే అంతగా తగ్గుతుంది. ఆలస్యమైతే పని మానినా ఉబ్బసం మిగిలిపోతుంది.

తిండికైతే తీసి, మళ్లీ పెట్టి చూడడం

కడుపుబ్బరం, విరేచనాలు, తేపులకు ఇంట్లోనే చేసుకోగల మంచి పద్ధతి ఒకటుంది. డాక్టర్లూ దీన్నే నమ్ముతారు. అనుమానమున్న ఒక్కదాన్ని రెండు నుంచి నాలుగు వారాలు మానేయండి. బాధ తగ్గితే మళ్లీ తినండి. మళ్లీ వస్తేనే దోషి. రెండో మెట్టు దాటకుండా ఎవరినీ దోషి అనకూడదు. ఒకేసారి ఐదు మానేస్తే ఏది కారణమో తేలదు.

మన దక్షిణాదిలో మొదట చూడాల్సింది పాలు. పెద్దయ్యాక పాలలోని చక్కెర జీర్ణం కాకపోవడం చాలా మామూలు, అది ఎలర్జీ కాదు. రోజుకు నాలుగు కాఫీలు తాగే షాపు గుమాస్తాకు కడుపు ఉబ్బితే ముందు రెండు వారాలు పాల కాఫీ ఆపి చూడాలి. ఇలాంటివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి, వాటిని మానక్కర్లేదు. గోధుమ మీద అనుమానమైతే మానే ముందే సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) రక్తపరీక్ష చేయించుకోండి. గోధుమ మానేశాక చేస్తే నెగటివ్ వచ్చే ప్రమాదముంది. ప్యాకెట్ తిండి మీద పాలు, గోధుమ, వేరుశనగ, జీడిపప్పులాంటి గింజలు, సోయా, గుడ్డు, చేప, రొయ్య, సల్ఫైట్ ఉంటే రాయాలని మన ఆహార లేబుల్ నియమాలు చెబుతాయి. ఆ వరస చదవడం అలవాటు చేసుకోండి.

ఒక్క హెచ్చరిక. ఏదైనా తిన్న కాసేపట్లో పెదవులు, నాలుక వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా అది ప్రాణం మీదకు వచ్చే రకం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి. అలాంటివాళ్లు ఇంట్లో 'మళ్లీ తిని చూద్దాం' అనకూడదు.

వాసనకే తల తిరిగితే

సెంటు వాసన, పెయింటు వాసన తగిలితే చాలు తలనొప్పి, వికారం, గుండె దడ వస్తాయనేవాళ్లు ఉన్నారు. పరీక్షలన్నీ బాగానే వస్తాయి. 'అంతా నీ మనసులోనే' అని ఇంట్లోవాళ్లు అంటారు, 'నీ ఒంట్లో విషం పేరుకుంది' అని శిబిరంవాళ్లు అంటారు. రెండూ సాయం చేయని మాటలే. ఇలాంటివాళ్ల మీద జరిగిన ప్రయోగాలన్నిటినీ 2006లో ఒకచోట చేర్చి చూశారు. వాసన తెలిసినప్పుడు బాధ నిజంగానే వచ్చింది. వాసనను కప్పేసి ఇస్తే ఏది రసాయనమో ఏది ఉత్త గాలో చెప్పలేకపోయారు. బాధ అబద్ధం కాదు, విషం పేరుకుందన్నదానికి మాత్రం ఆధారం లేదు. కాబట్టి విషం తీసే ప్యాకేజీలకు డబ్బు పోయకండి. కూర్చునే చోటు మార్పించుకోండి, గాలి ఆడేలా చూసుకోండి, నిద్ర, మైగ్రేన్, ఆందోళన గురించి డాక్టరుతో మొహమాటం లేకుండా మాట్లాడండి.

యజమానితో ఎలా మాట్లాడాలి

'మీ సరుకు వల్ల నాకు జబ్బు చేసింది' అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది. నోటుబుక్కు ముందు పెట్టి ఇలా అడగండి: "అన్నా, సెంటు కలిపే రోజుల్లోనే నాకు ఈ దగ్గు వస్తోంది, రాసి పెట్టాను చూడండి. మానేస్తానని అనట్లేదు. నెల రోజులు నన్ను ప్యాకింగ్ వైపు వేయండి. తగ్గితే ఇద్దరికీ తెలుస్తుంది." అడిగింది చిన్నది, గడువున్నది. కాదనడం కష్టం. నోటి మాట అయ్యాక అదే సంగతి తేదీ వేసి వాట్సాప్‌లో పంపండి, తరవాత పనికొస్తుంది.

రసాయనం కొన్న చోట దాని సేఫ్టీ డేటా షీటు అడిగించండి. అందులో మొత్తం 16 భాగాలుంటాయి, మీకు రెండో భాగం చాలు. అక్కడ హెచ్ 317 అని ఉంటే చర్మానికి ఎలర్జీ తెప్పించగలదని, హెచ్ 334 అని ఉంటే పీలిస్తే ఉబ్బసం తెప్పించగలదని. ఆ కాగితాన్ని డాక్టరుకు చూపిస్తే పరీక్ష సగం తేలికవుతుంది. మాస్కు విషయంలో మోసపోకండి. ఎన్95 దుమ్మును ఆపుతుంది గానీ సెంటు, థిన్నరు ఆవిరిని ఆపదు. ఆవిరికి కార్బన్ గుళిక ఉన్న మాస్కు కావాలి. పలచటి రబ్బరు గ్లవ్స్ లోంచి థిన్నరు దిగిపోతుంది, పైగా కొందరికి ఆ రబ్బరే పడదు.

కాగితం చేతిలో ఉంచుకోండి

జీతం 21,000 రూపాయల లోపు ఉండి, మీ జీతంలోంచి 0.75 శాతం కోత పడుతుంటే మీరు ఈఎస్‌ఐలో ఉన్నట్టే. రాజాజీనగర్‌లో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. మామూలు జబ్బుతో సెలవు పెడితే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. అదే జబ్బు వృత్తి వ్యాధిగా నిర్ధారణ అయితే పనిలో తగిలిన గాయంతో సమానం, పని చేయలేనంత కాలం 90 శాతం. బిసినోసిస్, వృత్తి ఉబ్బసం, పనిచోట రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధులు వృత్తి వ్యాధుల జాబితాలో ఉన్నాయి. కాబట్టి ఈఎస్‌ఐ డాక్టరు చీటీలో మీ పనేమిటో, ఏ రసాయనమో రాయమని అడగండి. 'దగ్గు, మాత్రలు' అని మాత్రమే రాస్తే రేపు మెడికల్ బోర్డు ముందు మీ దగ్గర ఏమీ ఉండదు.

ఈఎస్‌ఐ లేనివాళ్లకు కాటన్‌పేట నుంచి విక్టోరియా ఆసుపత్రి దగ్గరే. చర్మ విభాగంలో ఓపీ చీటీ తీసుకుని నోటుబుక్కు చూపండి. ఒకే కార్ఖానాలో పలువురికి ఒకే బాధ ఉంటే, దేవనహళ్లి దగ్గర భారత వైద్య పరిశోధన మండలి వారి ప్రాంతీయ వృత్తి ఆరోగ్య కేంద్రం ఉంది. పనిచోట జబ్బుల మీద పరిశోధన అక్కడి పని. అందరూ కలిసి ఒక ఉత్తరం రాయవచ్చు.

అన్నీ చూశాక దోషి పనేనని తేలి, యజమాని చోటు మార్చనంటే ఉద్యోగం మారండి. అందులో ఓటమి ఏమీ లేదు. అయితే వరస తప్పకండి: నోటుబుక్కు, పరీక్ష, డాక్టరు రాసిన కాగితం, యజమానికి రాతపూర్వకంగా ఒక విన్నపం, ఆ తరవాతే రాజీనామా. కొత్త పనికి వెళ్లినప్పుడు మొదటి రోజే అక్కడ వాడే డబ్బాల లేబుళ్లు చూడండి, పాత షాపులో పడని పేరు వాటిలో ఉంటే జీతం మాట్లాడే ముందే వెనక్కి రండి.